వంటింటి కబుర్లు: అనపకాయల కాలంలో పచ్చ హమ్మస్

హమ్మస్ అనే మాట మన ఎ.ఎస్.పేట, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఆడవాళ్ళకి టీవీలో వంటలవాళ్ళు నేర్పింది కాదు. కువైట్ వెళ్ళి తిరిగొచ్చిన వాళ్ళు మోసుకొచ్చిన మాట అది. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినట్టే మన నెల్లూరు జిల్లా నుంచీ ఇళ్ళల్లో పనికని అరబ్బు దేశాలకి వెళ్ళిన ఆడవాళ్ళు ఉన్నారు. అక్కడి వంటిళ్ళలో శనగలు ఉడకబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, పళ్ళెంలో పరిచి, మధ్యలో గుంట చేసి నూనె పోసి బల్ల మీద పెట్టిన చేతులవి. ఊరికొచ్చాక "ఏముందమ్మా అందులో, శనగల ముద్ద!" అని కొట్టిపారేస్తారు గానీ, కూర్చోబెట్టి అడిగితే కొలతలతో సహా చెబుతారు. మీ వీధిలో అట్టాంటి అక్క ఎవరైనా ఉంటే ముందు ఆమెని అడగండి. ఈ శీర్షిక తర్వాత చదువుకోవచ్చు, ఎక్కడికీ పోదు.

ఇప్పుడా హమ్మస్‌కి ఒక చెల్లెలు బయల్దేరింది. ఎడమామె హమ్మస్! పేరు వినగానే ఎడమ పక్కన కూర్చున్న ఆమె ఎవరబ్బా అనిపిస్తుంది కదూ. అది జపాను మాట. కొమ్మ మీది గింజ అని అర్థం. వింత గింజేమీ కాదు, మనకి తెలిసిన సోయా చిక్కుడే. కాయ పచ్చగా, గింజ నిండుగా ఉన్నప్పుడు కోస్తే ఎడమామె. కొయ్యకుండా వదిలేసి ఎండబెడితే నూనె మిల్లుకీ, మీల్‌మేకర్ ప్యాకెట్టుకీ పోయే సోయా. అంతే తేడా.

సంక్రాంతి సెలవులకి అమెరికా నుంచో బెంగుళూరు నుంచో వచ్చిన కూతుళ్ళూ కోడళ్ళూ "అమ్మా, ఎడమామె దొరుకుతుందా, అందరం తింటాం, డిప్ చేస్తాను" అంటారు. పెద్ద ఊళ్ళలో పెద్ద దుకాణాల్లో అయితే గడ్డకట్టించిన ప్యాకెట్లు ఉంటాయి. మన వైపు వాటిని వెతుక్కుంటూ తిరిగితే పెట్రోలు దండగ. దొరికిన చోట కూడా ప్యాకెట్టు తిప్పి వెల చూసి, మళ్ళీ ఆ చలిపెట్టెలోనే పెట్టేసి వచ్చేవాళ్ళే ఎక్కువ.

మరేం చెయ్యాలి? సంక్రాంతి నాటికి మన బజార్లో గోనెపట్టాల మీద కుప్పలు పోసి అమ్మేవి ఏమిటో ఒకసారి చూడండి. అనపకాయలు! అనుమసముద్రంపేటలో ఉండి అనుముల సంగతి తెలియదంటే ఎవరైనా ఊరుకుంటారా!

జపాను వాళ్ళు పచ్చి సోయా కాయల్ని ఉప్పునీళ్ళలో కాయల పళంగా ఉడకబెట్టి, వేళ్ళతో నొక్కి గింజని నోట్లోకి జార్చుకుంటారు. మనం పొలం గట్టున కూర్చుని పచ్చి కందికాయలతో చేసే పనీ అదే. గింజ ముదరకముందే తినాలన్న తెలివి ఏ ఒక్క దేశానిదీ కాదు. పచ్చిగా ఉన్నప్పుడు గింజలో తీపి ఎక్కువ, పిండి తక్కువ. ముదిరేకొద్దీ ఆ తీపి పిండిగా మారిపోతుంది. అందుకే పచ్చిగింజ ముద్దకి ఎండుగింజ ముద్దకి రాని కమ్మదనం ఉంటుంది.

అనపకాయ అంటే పందిరి చిక్కుడుకి తోబుట్టువే. శాస్త్రం చదివిన వాళ్ళ లెక్కలో రెండూ ఒకే జాతి. ఒకటి పందిరి ఎక్కి కాయతో సహా కూరకి వస్తుంది, ఇంకొకటి చేలో పెరిగి గింజ కోసం వస్తుంది. మంచు పడే రోజుల్లో కోసిన అనపకాయ పట్టుకుంటే చేతికి జిడ్డు అంటుకుని, ఒక ఘాటు వాసన వస్తుంది చూడండి, అది కాయ మీద ఊరే నూనె. ఆ వాసన ఎంత బాగా ఉంటే కాయ అంత తాజా అని లెక్క. బెంగుళూరులో దీన్నే అవరెకాయ అంటారు, సంక్రాంతి రోజుల్లో దానికో మేళా కూడా పెడతారు. మన దర్గాకి కర్ణాటక నుంచి వచ్చేవాళ్ళు బజార్లో ఈ కుప్పలు చూసి ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక అసలు విషయం. హమ్మస్ అంటే అరబ్బీలో శనగలే. కాబట్టి అనపగింజల హమ్మస్ అనడం కందిపప్పుతో పెసరట్టు అన్నట్టే ఉంటుంది. అయినా లోకం అంతా అదే పేరుతో పిలుస్తోంది కనక మనమూ అట్లాగే అనుకుందాం. పేరుతో పేచీ లేదు గానీ, పనితనంతో ఉంది. గింజలు ఉడకబెట్టి మిక్సీలో తిప్పేస్తే అది హమ్మస్ అయిపోదు. ఉప్పూ కారం వేసిన పప్పుముద్ద అవుతుంది. నాలుక మీద వెన్నలా జారిపోవాలంటే మూడు సంగతులు కుదరాలి. గింజ మీద పొట్టు ఉండకూడదు. గింజ వేళ్ళ మధ్య నలిపితే పలుకు లేకుండా చితికిపోవాలి. నువ్వుల ముద్ద, నిమ్మరసం, చల్లటి నీళ్ళు ముందుగా ఒకదాంట్లో ఒకటి కలిసి తెల్లగా నురగలా రావాలి. మూడోది చాలామందికి తెలియదు. అన్నీ ఒకేసారి జార్‌లో పడేసి, పలచగా రాలేదని నూనె మీద నూనె పోస్తారు. అప్పుడది జిడ్డుగా అవుతుంది గానీ వెన్నలా కాదు.

పొట్టు సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పితికిపప్పు చేసేవాళ్ళం మనం! గింజల్ని గోరువెచ్చటి నీళ్ళలో మూడు నాలుగు గంటలు నానేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే లోపలి పప్పు టప్పున ఎగిరి గిన్నెలో పడుతుంది. పిల్లలు పక్కన ఉంటే సగం గింజలు గోడకి తగులుతాయి, అది వేరే సంగతి. టీవీ ముందు కూర్చుని ఇద్దరు పితికితే అరగంట పని. ఈ పని బరువనిపించి పొట్టుతోనే రుబ్బితే ముద్ద కొంచెం బరకగా వస్తుంది. జొన్నరొట్టెకి అదీ బాగానే ఉంటుంది గానీ, మనం అనుకున్న నునుపు రాదు.

కావలసినవి: పితికిన పచ్చి అనపపప్పు 2 కప్పులు. (కిలో కాయలు వలిస్తే గింజలు అరకిలోకి లోపే వస్తాయి, కాబట్టి కాయలు కొంచెం ఎక్కువే తెచ్చుకోండి.) నువ్వుల ముద్ద 3 పెద్ద చెంచాలు, రసం ఉన్న నిమ్మకాయ 1, వెల్లుల్లి రెబ్బలు 2, పచ్చిమిరపకాయ 1, వేయించి పొడి కొట్టిన జీలకర్ర అర టీ స్పూను, గుప్పెడు కొత్తిమీర ఆకు, తగినంత ఉప్పు, గానుగ నువ్వులనూనె 2 పెద్ద చెంచాలు, ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డ నీళ్ళు పావు కప్పు. ఐసు ముక్కలు ఉంటే మరీ మంచిది.

ముందు నువ్వుల ముద్ద చేసుకోవాలి. అరబ్బుల ఇళ్ళలో దీన్ని తహీనా అంటారు, సీసాల్లో కొంటారు. మనం కొనక్కర్లేదు. పొట్టు తీసిన తెల్ల నువ్వులు ఒక కప్పు తీసుకుని సన్నసెగ మీద చిటపటమనే దాకా వేయించి వెంటనే పళ్ళెంలోకి తీసెయ్యండి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా మాడి చేదొస్తుంది. నువ్వులుండలకి వేయించినంత ఎర్రగా ఇక్కడ వద్దు. పూర్తిగా చల్లారాక చట్నీ జార్‌లో వేసి ముందు పొడి కొట్టి, తర్వాత మూడు పెద్ద చెంచాల నువ్వులనూనె పోసి, ఆపి ఆపి తిప్పుతూ ఉంటే కాసేపటికి దోసెల పిండిలా జారుగా వస్తుంది. మూడు చెంచాల ముద్ద కోసం మిక్సీ వేస్తే జార్ అడుగున తిరగదు కాబట్టి ఒక కప్పు నువ్వులు వెయ్యమంటున్నాను. మిగిలింది గాజుసీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నెల రోజులు నిలవుంటుంది. వంకాయ కూరలోకీ వాడుకోవచ్చు. పొట్టుతో ఉన్న నువ్వుల్లో సున్నం ఎక్కువ ఉంటుంది, నిజమే. కానీ రంగు నల్లబడి కొంచెం చేదు తగులుతుంది. ఇంట్లో అభ్యంతరం లేకపోతే సగం అవీ సగం ఇవీ వేసుకోండి.

పప్పు ఉడికించేటప్పుడు పెద్ద గిన్నెలో నీళ్ళు ఎక్కువగా పెట్టి, తెర్లాక ఉప్పేసి, అప్పుడు పప్పు పొయ్యండి. మూత పెట్టకండి. మూత తీసి ఉడికిస్తే పచ్చదనం కొంత నిలుస్తుంది. పది నిముషాల తర్వాత ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి చూడండి. పలుకు తగిలితే ఇంకో రెండు మూడు నిముషాలు. ఉడికిన వెంటనే నీళ్ళు వార్చి చన్నీళ్ళలో వేసి తీస్తే రంగు అక్కడితో ఆగుతుంది. కుక్కర్‌లో పెడితే పని తొందరగా అవుతుంది గానీ రంగు పాచిపోయిన ఆకులా అవుతుంది. వంటసోడా చిటికెడు వేస్తే పచ్చగా ఉంటుందని కొందరు చెబుతారు. ఉంటుంది. కానీ గింజలోని బి1 విటమిను పోతుంది, సోడా వాసనా మిగులుతుంది. నేనైతే వెయ్యను. పచ్చరంగు చుక్కలు వేసే వాళ్ళ జోలికి అసలే పోవద్దు. కొత్తిమీర ఉంది కదా మనకి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అనపగింజ అయినా, సోయాగింజ అయినా ఉడక్కుండా రుబ్బి తినకూడదు. పచ్చిగింజల్లో మాంసకృత్తులు అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, బాగా ఉడికితేనే అవి విరుగుతాయి. ఎండిన అనుముల సంగతి ఇంకా జాగ్రత్త. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళూ వార్చేసి వాడాలి. మన పెద్దవాళ్ళు అనుముల నీళ్ళు పారబోయమన్నది ఊరికే కాదు.

ఇప్పుడు రుబ్బుడు. దంచిన వెల్లుల్లిని నిమ్మరసంలో వేసి పది నిముషాలు వదిలేయండి. పులుపులో నానితే వెల్లుల్లి ఘాటు తగ్గుతుంది. తర్వాత మిక్సీలో నువ్వుల ముద్ద, వెల్లుల్లితో సహా ఆ నిమ్మరసం వేసి తిప్పండి. ముందు గట్టిగా ఉండకట్టుకుపోతుంది. చాలామంది ఇక్కడే విరిగిపోయిందేమోనని కంగారుపడతారు. విరగలేదు. చల్లటి నీళ్ళు ఒక్కొక్క చెంచా పోస్తూ తిప్పుతూ ఉంటే నాలుగో చెంచాకల్లా తెల్లగా, పలచగా, మీగడలా మారిపోతుంది. చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. అప్పుడు ఉడికిన పప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర, జీలకర్ర పొడి, ఉప్పు వేసి మూడు నాలుగు నిముషాలు మెత్తగా రుబ్బండి. మధ్యమధ్య ఆపి అంచులు గీకి కిందికి తోసుకోవాలి. మిక్సీ వేడెక్కితే ముద్ద రంగూ మారుతుంది, మోటారూ ఏడుస్తుంది, కాబట్టి ఒక ఐసు ముక్క వెయ్యండి. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ ఉన్నవాళ్ళు రెండింతలు చేసి అందులో వేస్తే ఇంకా నునుపుగా వస్తుంది. రాయి పనే వేరు.

గిన్నెలోకి తీశాక అరగంట ఆగండి. ఉప్పూ పులుపూ అప్పటికి సర్దుకుంటాయి. రుచి చూసి నిమ్మరసం చాలకపోతే ఇంకాస్త పిండండి. పొదలకూరు నిమ్మ మార్కెట్టున్న జిల్లా మనది, నిమ్మకాయకి లోభించకూడదు. అయితే నిమ్మరసం పడ్డ పచ్చరంగు పూటపూటకీ కొంచెం కొంచెం వెలుగు తగ్గుతుంది. చుట్టాలొచ్చే రోజయితే వాళ్ళొచ్చే గంట ముందు చెయ్యండి. పళ్ళెంలో పరిచి, చెంచా వెనకభాగంతో మధ్యలో గుండ్రంగా గుంట చేసి నువ్వులనూనె పోసి, పైన కాస్త కారం చల్లండి. ఆలివ్ నూనే పొయ్యాలని పుస్తకాల్లో రాస్తారు. ఉంటే పొయ్యండి, దానికోసం ప్రత్యేకం కొనే పని పెట్టుకోకండి. గానుగ నూనె ఇక్కడ అచ్చంగా సరిపోతుంది, లోపల ఉన్నదీ నువ్వే కదా. మయొనైజ్, చీజ్ కలిపితే ఇంకా బాగుంటుందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అంత కష్టపడి పితికిన పప్పు రుచిని వాటి కింద కప్పెయ్యడం నాకైతే నచ్చదు.

దేంతో తినాలి? అక్కడ వాళ్ళు కుబూస్‌తో తింటారు. మనకి సజ్జరొట్టె, జొన్నరొట్టె, చపాతీ, మిగిలిన దోసె, అన్నీ పనికొస్తాయి. కీరదోసకాయ, క్యారెట్టు నిలువుగా కోసి అద్దుకు తింటే సాయంత్రం పకోడీల మూకుడు పొయ్యెక్కే పని తప్పుతుంది. షుగరు ఉన్నవాళ్ళకి ఈ ముద్దతో ఇబ్బంది లేదు, దాన్ని అద్దుకునే చిప్సుతోనే ఇబ్బంది. వేడన్నంలో కలుపుకోవచ్చా అని అడుగుతారు. కలుపుకోండి, కానీ అప్పుడది పచ్చడి లెక్క, ఇంకాస్త కారం పడాలి.

ఇంతకీ ఈ వంట గురించి ఇంత రాయడానికి కారణం చుట్టాల ముందు గొప్ప కోసం కాదు. మన ఇళ్ళలో అందరూ తిన్నాక తినేది ఎవరు? అప్పటికి పప్పు గిన్నెలో అడుగున నాలుగు చెంచాలు, కూరలో రసం మాత్రం మిగులుతుంది. పచ్చడి, మజ్జిగతో ముగిస్తాం. ఇది మీకూ తెలుసు, నాకూ తెలుసు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అంటే ఇది చదువుతున్న ఇద్దరిలో ఒకరికి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 55 కిలోల బరువుండి, మామూలు పనులు చేసుకునే స్త్రీకి రోజుకి సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు, 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మజ్జిగన్నంతో అది తీరదు.

ఉడికించిన ఎడమామె వంద గ్రాముల్లో 11, 12 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఉడికించిన కాబూలీ శనగల్లో 9 దాకా, ఎండు అనుములు ఉడికించినా 8 దాకా ఉంటాయి. పచ్చి అనపగింజలో నీరెక్కువ కాబట్టి వీటికంటే తక్కువే, అందులో దాపరికం లేదు. నువ్వులు తోడై కొంత భర్తీ చేస్తాయి. ఇనుము విషయంలో ఈ గిన్నెకి ఒక సుగుణం ఉంది. గింజల్లోని ఇనుము మన ఒంటికి తేలిగ్గా పట్టదు. పొయ్యి మీద ఉడకని నిమ్మరసం అందులో ఉంటే ఆ పట్టడం పెరుగుతుంది. అదే భోజనం అవగానే టీ తాగితే తగ్గుతుంది. టీ, కాఫీ భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దని పోషకాహార సంస్థ వాళ్ళు చెబుతూనే ఉన్నారు. పదకొండింటికి పనంతా అయ్యాక తాగే ఆ ఒక్క టీ మానమని నేను చెప్పలేను. టీకి గంట ముందు ఒక రొట్టెముక్క, రెండు చెంచాల ఈ ముద్ద తినమని మాత్రం చెబుతాను. గిన్నె చేసిన రోజే మీ భాగం చిన్న డబ్బాలో తీసి ఫ్రిజ్‌లో మీ పక్కన పెట్టుకోండి. పిల్లలు అడిగితే "అది నాది" అనండి. అనడం అలవాటు లేదని తెలుసు.

థైరాయిడ్ మాత్ర వేసుకునే అక్కచెల్లెళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. నిజం ఎడమామెతో చేసుకుంటే గనక, సోయా ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదు. మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకుని, సోయాతో చేసింది కనీసం నాలుగు గంటలు ఎడం ఇచ్చి తినండి. సోయా, నువ్వులు పడని వాళ్ళు కూడా ఉంటారు. చిన్నపిల్లలకి మొదటిసారి పెట్టేటప్పుడు చెంచా కొసకి మించి పెట్టకండి.

ఎడమామె ప్యాకెట్టు ఎవరైనా తెచ్చిచ్చారనుకోండి, వలిచిన గింజలయితే తెర్లే నీళ్ళలో ఐదారు నిముషాలు చాలు. మెత్తబడ్డాక పైపొర వేలితో తోసేస్తే ఊడొస్తుంది. మిగతాదంతా పైన చెప్పినట్టే. అది అనపకంటే తియ్యగా ఉంటుంది, పచ్చిమిరపకాయ ఇంకొకటి పడుతుంది. పెరట్లో జాగా ఉండి విత్తనం తెప్పించుకోగలిగిన వాళ్ళకి కూరగాయ సోయా రకాలు మన దేశంలోనూ ఉన్నాయి. రాంచీలోని భారత వ్యవసాయ పరిశోధనా మండలి కేంద్రం వాళ్ళు 'స్వర్ణ వసుంధర' అనే రకం తయారుచేశారు. అనపకాయలు లేని నెలల్లో పచ్చి బఠాణీ, పచ్చి కందులు, లేదా అసలు హమ్మస్‌కి వాడే కాబూలీ శనగలు ఉండనే ఉన్నాయి. పక్కన ప్రకాశం జిల్లాలోనే ఆ లావు శనగలు పండిస్తారు. శనగలకి మాత్రం రాత్రంతా నానడం, కుక్కర్‌లో ఆరేడు కూతలు తప్పవు.

వడ్డించేటప్పుడు స్టీలు గరిటె బదులు మన ఉదయగిరి చెక్క చెంచా వెయ్యండి. కొండ మీది నర్ది, బిక్కి లాంటి చెక్కలతో అక్కడి కుటుంబాలు, ఎక్కువగా ఆడవాళ్ళు, చేత్తో చెక్కే చెంచాలూ ఫోర్కులూ ఎక్కడెక్కడి ఊళ్ళకో వెళ్తాయి. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పక్క ఊళ్ళో ఉండి మనింట్లో ఒక్కటి లేకపోతే ఏం బాగుంటుంది! కడిగేటప్పుడు నీళ్ళలో నానబెట్టకండి, చెక్క ఉబ్బి పగులుతుంది. వెంటనే కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టి, నెలకోసారి కాస్త కొబ్బరినూనె రాస్తే ఏళ్ళు వస్తాయి.

నిలవ సంగతి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో మూడు రోజులు. ప్రతిసారీ పొడి చెంచా, అవసరమైనంత తీసుకుని మిగతాది వెంటనే లోపల పెట్టెయ్యాలి. బయట రెండు గంటలకి మించి ఉంచకండి. మన వైపు ఎండాకాలంలో అయితే గంటే. ఉడికిన గింజల ముద్ద కదా, పైకి బాగానే కనపడుతూ లోపల పాడవుతుంది. అందుకే ఎండాకాలం బడి క్యారేజీలో ఇది పెట్టొద్దు. దానికి కారప్పొడి, నెయ్యి ఉన్నాయి. కరెంటు పోయి ఫ్రిజ్ నాలుగ్గంటలు ఆగితే ఆ డబ్బా మీద మమకారం పెట్టుకోకండి.

ముద్ద కంటే గింజ నిలవ చేసుకోవడమే తెలివైన పని. పండగ వారం కాయలు చవగ్గా ఉన్నప్పుడు నాలుగైదు కిలోలు వలిచి, పితికిన పప్పుని తెర్లే నీళ్ళలో రెండే రెండు నిముషాలు వేసి తీసి, చన్నీళ్ళలో చల్లార్చి, గుడ్డ మీద తడి లేకుండా ఆరబెట్టండి. ఒక పళ్ళెంలో పలచగా పరిచి డీప్ ఫ్రిజ్‌లో పెడితే గింజ గింజ విడిగా గట్టిపడుతుంది. అప్పుడు రెండేసి కప్పుల చొప్పున సంచుల్లో కట్టి పైన తేదీ రాసి పెట్టుకోండి. వేసవిలో కూతురు వచ్చినప్పుడు సంచి విప్పి, కరగనివ్వకుండా నేరుగా తెర్లే నీళ్ళలో వేసి మెత్తబడే దాకా ఉడికించుకుంటే సరిపోతుంది.